రెండు ముంపుల నడుమ నాలుగు దినములు
(తొలి ఏకాదశి పర్వదినమున దేవాలయ మండపమునందు చేసిన ప్రసంగ పాఠము)

 

మనము పూజకు కూర్చున్నప్పుడు మొట్టమొదట సంకల్పము చెప్పుకొందుము. ఏ ద్వీపము, ఏ ఖండము, ఏ నదుల నడుమ, ఏ సంవత్సరము, ఏ ఋతువు, ఏ తిథి అని దేశకాలములన్నియు చెప్పిన తరువాతనే గోత్రము, పేరు వచ్చును. అనగా నేనెవరినో చెప్పుటకు ముందు నేనెక్కడ నిలిచియున్నానో చెప్పవలెను. భాగ్యనగరమున నున్న మనము కృష్ణా గోదావరుల మధ్యదేశమని ప్రతి దినము చెప్పుచునే యున్నాము. ఆ రెండు నదుల నడుమ నేల ఎటు వాలియున్నదో, మన వీథిలో పడిన వాన ఎటు పోవునో ఎన్నడైనను చూచినామా?

కార్యనిర్వాహకులు నన్ను తొలి ఏకాదశి మాహాత్మ్యము చెప్పుమన్నారు. అది ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు చక్కగా చెప్పుచునే యున్నారు. నేడు వానకాలపు ముంగిట నున్నాము గనుక నేను మరియొక ఏకాదశిని గూర్చి చెప్పెదను.

శార్వరి నామ సంవత్సరము, అధిక ఆశ్వయుజ బహుళ ఏకాదశి, మంగళవారము. ఆంగ్ల గణనమున 2020 అక్టోబరు 13. అధికమాసమున వచ్చు బహుళ ఏకాదశికి పరమ ఏకాదశి అని పేరు. అది సుమారు మూడేండ్లకొకసారి గాని రాదు. అందువలన ఆనాడు ఉపవాసము ఉండువారు అధికము. శార్వరి అనగా రాత్రి. మహమ్మారి వలన దేవాలయముల తలుపులు సైతము కొంతకాలము మూసియుంచిన ఆ సంవత్సరమునకు ఆ పేరు తగియే యున్నదని మేము అనుకొనుచుండెడివారము. ఇంకను మిగిలియున్నదని అప్పుడు తెలియదు.

బంగాళాఖాతములో పుట్టిన తీవ్ర వాయుగుండము ఆ ఉదయము కాకినాడ సమీపమున తీరము దాటినది. తుఫాను అనునది కోస్తావారి కష్టమని హైదరాబాదువారి తలంపు. సముద్రము మనకు ఎంతో దూరము గదా! కాని ఆ వాయుగుండము నేలమీదికి వచ్చియు వెంటనే చెదరిపోలేదు. పడమటి దిక్కుగా తెలంగాణము మీదుగా నడచినది. సూర్యుడు చిత్తానక్షత్రమున నున్న కాలమది. చిత్త చినుకు తన చిత్తమున్నచోట పడునని మన రైతులు అందురు. ఆ దినము దాని చిత్తము నగరపు తూర్పు భాగము మీద పడినది.

ఆ ఇరువది నాలుగు గంటలలో బేగంపేటలోని వాతావరణ కేంద్రమున 19 సెంటీమీటర్లకు పైగా వర్షము నమోదైనది. అక్టోబరు మాసమున ఒక్కనాడు అంత వాన అక్కడ అంతకుముందు ఎన్నడును లేదు. 1903లో పడిన సుమారు 12 సెంటీమీటర్లే అంతవరకు పెద్ద లెక్క. మన వైపున అంతకంటె అధికము. ఘట్‌కేసర్ ప్రాంతమున సుమారు 32 సెంటీమీటర్లు. ఈ లెక్కలు చెప్పుచుండగా కొందరు పెద్దలు చిరునవ్వు నవ్వుచున్నారు, పండితునికి సెంటీమీటర్లు ఎందుకని. వానను కొలుచుట మనకు క్రొత్త కాదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో హస్తమాత్రపు వెడల్పుగల పాత్రను వానలో నుంచి, అందు పడిన నీటిని ఆఢకములలో, ద్రోణములలో లెక్కించుమన్నాడు. కౌటిల్యుడు ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన పడునో వ్రాసి, దానినిబట్టి విత్తనము వేయుమన్నాడు. కొలిచినవానికే ఇది అధికమని తెలియును. కొలువనివాడు ఏ వాననైనను ఇంతకుముందు ఇట్టిది చూడలేదనును.

మా గృహము సైదాబాదులో పెద్దరోడ్డునకు లోపలగా, కొంత పల్లపు వీథిలో నున్నది. క్రింది భాగమున నేను, నా సహధర్మచారిణి. పై భాగమున ఆటో నడుపుకొను ఒక యువకుడు, అతని భార్య, ఇద్దరు పిల్లలు అద్దెకున్నారు. వారిది నల్లగొండ వైపు పల్లె. లాక్‌డౌన్ నాటినుండి ఆటో సరిగా తిరుగక అద్దె నిలిచిపోయినది. మేము అడుగలేదు గాని, నన్ను చూచినప్పుడెల్ల ఆ అబ్బాయి తల వంచుకొని ప్రక్కనుండి పోవుచుండెడివాడు.

ఆ రాత్రి పది గంటల ప్రాంతమున కరెంటు పోయినది. తలుపు దబదబ బాదిన శబ్దము. "పంతులుగారూ, లేవుండ్రి! నీళ్ళు గేటు దాటినయ్!" అని కేక. మంచము దిగిన కాలు నీటిలోనే పడినది. వాన నీరు చల్లగా నుండును. ఇది చల్లగాను, జిగటగాను ఉన్నది. మోరీలు వెనుకకు తన్నినవని వాసనవలన తెలిసినది.

మా ఇంట విలువైనది అనదగినది పుస్తకములే. మా పితామహులు వ్రాసిన తాళపత్రములు రెండు కట్టలు, వావిళ్ళవారి ప్రచురణలు, గురువుగారు నాకు ఇచ్చిన వ్యాకరణ గ్రంథములు, నాలుగు బీరువాలు. మోకాళ్ళ నొప్పులతో నేను మెట్లెక్కుటయే కష్టము. ఆ అబ్బాయి పుస్తకములను దోసిళ్ళతో, దుప్పటిలో మూటగట్టి, మెట్లమీదుగా పైకి మోయ మొదలుపెట్టినాడు. అతని ఆటో గేటు బయట నీటిలో నిలిచియున్నది. టార్చి వెలుగులో దాని సీటువరకు నీరు వచ్చుట నాకు కనబడుచున్నది. "ముందు నీ బండి చూచుకో నాయనా" అన్నాను. అతడు మూట దించకుండగనే, "ఆటో ఇనుము పంతులుగారూ. కడిగితే మళ్ళ నడుస్తది. కాయితం కడిగితే ఏం మిగుల్తది?" అన్నాడు.

తెల్లవారువరకు మేమందరము పైగదిలోనే. క్రింద మోకాలి లోతు నీరు. ద్వాదశినాడు ఉదయము పారణ చేయవలెను. మా వంటయిల్లు నీటిలో నున్నది. ఆ అమ్మాయి స్నానము చేసి, తడిబట్టతోనే స్టవ్ వెలిగించి, "అమ్మగారూ, మీకు పనికివస్తదో రాదో, పాలు కాచిన" అని గడపలో నిలబడినది. నా భార్య లేచి ఆ గిన్నె అందుకొని ముందు నాకు పోసి, తరువాత తాను త్రాగినది. యాభై ఏండ్లుగా మడి విషయమున నాకంటె ఆమెయే కఠినము.

తరువాత తెలిసిన సంగతులు మీలో పలువురు స్వయముగా చూచినవే. సరూర్‌నగర్ చెరువు నిండి పొంగి కోదండరామ్‌నగర్, సీసల బస్తీ నీట మునిగినవి. మూసారాంబాగ్ వంతెన మీదుగా మూసీ పారినది. ఆవల పల్లెచెరువు కట్ట తెగి ఇండ్ల మీద పడినది. జాతీయ విపత్తు దళమువారు కాలనీలలో పడవలు నడిపినారు. ప్రాణములు పోయిన ఇండ్లు ఎన్నో. వాటి ముందు మా ఇంటి కష్టము కష్టమే కాదు.

బుధ, గురు, శుక్ర వారములు మూడు దినములు కడిగినాము. బురద ఎత్తుట, బ్లీచింగు చల్లుట, పరుపులు పారవేయుట. శుక్రవారము అమావాస్య. మరునాడు శనివారము, అక్టోబరు 17, నిజ ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి, శరన్నవరాత్రుల ఆరంభము. మా యింట తరతరములుగా కలశస్థాపన గలదు. కుళాయి నీరు ఇంకను బురదగానే వచ్చుచుండెను. ట్యాంకరు నీటిని వడకట్టి కలశము నింపి, అందులోనే గంగాది నదులను ఆవాహన చేసినాను. నదులు నాలుగు దినములుగా ఆవాహన లేకయే వచ్చియున్నవని నా భార్య హాస్యమాడినది. ఆమె నవ్వుట ఆ వారములో అదియే మొదలు.

ఆ రాత్రియే మరల వాన. ఉప్పల్ వైపున ఆ సాయంకాలము 15 సెంటీమీటర్లు పడినది. బాలాపూర్ గుర్రంచెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగినది ఆ రాత్రియే.

మొదటిసారికి రెండవసారికి గల భేదము ఇక్కడ చెప్పవలెను. మొదటి రాత్రి భయము ఉన్నను, చేతులు ఆగలేదు. ఎవరికి దొరికినది వారు మోసినారు. రెండవనాడు నీరు నిజమునకు ఒక జాన తక్కువగానే వచ్చినది. కాని వీథిలో పరుగులు లేవు, కేకలు లేవు. మూడు దినములు కడిగిన గచ్చుమీదికి అదే మురుగు మరల వచ్చుచుండగా జనులు గుమ్మములలో నిలిచి ఊరకే చూచుచుండిరి. ఎదురింటి వృద్ధురాలు మంచము మీదనుండి దిగనన్నది. "ఇంక ఎత్తను, ఇంక కడగను, పోతే పోనీయి" అని గోడవైపు తిరిగి పడుకొన్నది. ఆమెకు అప్పుడు వేదాంతము బోధించుటకు పోయినవాడు మూర్ఖుడు. ఆమె మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, నీటిలో నిలబడి ఏడ్చుచు చేయి పట్టి లాగిన తరువాతనే ఆమె లేచినది.

మా యింట ప్రశ్న వేరు. స్థాపించిన ఘటమును ఉద్వాసనవరకు కదిలింపరాదు, అఖండదీపము ఆరరాదు. ఇది నియమము. నీరు దేవతార్చన పీటకు నాలుగు అంగుళముల దూరమున నున్నది. నేను నియమమును తలచుకొని నిలబడియుండగా నా భార్య, "ఏమండీ, అమ్మవారిని మురుగులో వదలి మనం మాత్రం పైకి ఎక్కుదామా?" అన్నది.

పరాశరుడు తన స్మృతిలో స్పష్టముగా చెప్పినాడు. దేశమునకు ఉపద్రవము కలిగినప్పుడు, ప్రవాసమున, వ్యాధిలో, వ్యసనములో ముందు దేహాదులను రక్షించుకొనవలెను, ధర్మాచరణము తరువాత. మహాభారతమున శాంతిపర్వములో ఆపద్ధర్మమునకు ఒక ఉపపర్వమే ఉన్నది. ఆపద్ధర్మమనగా ధర్మమును విడిచిపెట్టుట కాదు, ఆ కాలమునకు అదియే ధర్మము. నమస్కరించి, క్షమాపణ మంత్రము చెప్పి కలశమును నేను ఎత్తినాను. దీపమును నా భార్య కొంగు చాటున పెట్టుకొని మెట్లు ఎక్కినది. మూడవ మెట్టు మీద గాలికి అది ఆరిపోయినది.

పైన ఆ పిల్లల తల్లి గూటిలో ఎల్లమ్మ తల్లి పటము ముందు దీపము పెట్టుకొనియున్నది. ఆ జ్యోతినుండి మా అఖండదీపమును మరల వెలిగించినాము. నవరాత్రములు తొమ్మిది దినములు వారి గదిలో ఒక మూలనే జరిగినవి. విజయదశమి 25వ తేదీనాడు అక్కడనే ఉద్వాసన.

ఈ సంగతి విన్న ఒక పండితమిత్రుడు నాతో ఫోనులో గంటసేపు వాదించినాడు. ఘటచలనము దోషము, దీపశాంతి అశుభసూచకము, పరగృహమున పూజ న్యూనము అని. నేను ఆయనతో అన్నది ఒక్కటే: దోషమున్నచోట ప్రాయశ్చిత్తము విధించిన శాస్త్రమే, దోషమునకు ముందు ఆపదను గుర్తించినది. శుద్ధమైన గచ్చుమీద కూర్చుండి చదివిన వాక్యమును మోకాలి లోతు మురుగులో నిలబడి మరియొకమారు చదువవలెను. ఆయన ఒప్పుకొనలేదు. నేనును మారలేదు. మా స్నేహము మాత్రము చెడలేదు.

ఇక ఈ నీరు ఎందువలన వచ్చినదను విషయము. 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదను గూర్చి మన పెద్దలు చెప్పగా వినియున్నారు. ముచుకుంద యని పూర్వనామము గల ఆ నది ఒక్కనాటిలో వేలమందిని పొట్టను పెట్టుకొన్నది. అఫ్జల్‌గంజ్‌లోని ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది ప్రాణములు దక్కించుకొన్నారని చెప్పుదురు. ఆ చెట్టు మన కాలమువరకు నిలిచినది. ప్రసిద్ధ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్నాడు. తరువాత నిజాము ప్రభువు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినాడు. వారి ఆలోచన ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి.

ఇక్కడ ఒక సూక్ష్మమున్నది. ఆ రెండు జలాశయములు నగరమునకు పడమట, నదికి ఎగువన ఉన్నవి. ఎగువనుండి వచ్చు వరదను అవి పట్టగలవు. 2020లో పెద్దవాన పడినది హయత్‌నగర్, ఘట్‌కేసర్, ఎల్‌బీనగర్ వైపున. అది ఆ జలాశయములకు దిగువ. అక్కడ పడిన వానను పట్టవలసినవి అక్కడి చెరువులే. ఒక చెరువు నిండి అలుగు పారిన నీరు క్రింది చెరువులోనికి, అది నిండిన పిమ్మట ఇంకొక దానిలోనికి, తుదకు మూసీలోనికి పోవునట్లు పూర్వులు గొలుసుకట్టుగా త్రవ్వించినారు. చెరువు నిలిచియున్నను, అలుగునుండి క్రిందికి పోవు కాలువ మీద ఇండ్లు లేచిన తరువాత నీటికి తెలిసిన త్రోవ మన వీథి ఒక్కటే.

కడప మండలమున పోరుమామిళ్ళలో ఒక శాసనమున్నది. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు అక్కడ చెరువు కట్టించి వేయించినది. వేయిమంది పనివారు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టినదని అందులో వ్రాసియున్నది. అంతకంటె విలువైనది, చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, ఆరు దోషములను సంస్కృతమున చెప్పుట. కట్టనుండి నీరు కారుట ఒక దోషము. చెరువు నడుమ మెరక యుండుట ఒక దోషము. నీటికి తగినంత నేల లేకుండుట, నేలకు తగినంత నీరు లేకుండుట దోషములు. చెరువు కడుపులో ప్లాటు నంబర్లు వేయుట అందులో లేదు. అట్టి దోషము ఉండగలదని ఆ శాసనకర్తకు తోచియుండదు.

తటాకప్రతిష్ఠ సప్తసంతానములలో ఒకటి. పుత్రుడు, చెరువు, దేవాలయము సమానఫలదములని మన ఆంధ్రదేశపు నమ్మకము. దాతలు దేవాలయ గోపురమునకు, బంగారు తొడుగులకు ఇచ్చుచున్నారు, మంచిదే. మన కోనేరునకు వాననీరు తెచ్చు కాలువ పూడిపోయి ఎన్ని ఏండ్లైనదో మీరు చూచుచునే యున్నారు. గోపురము మీద మీ పేరున్న కలశము అందరికి కనబడును, కాలువలో తీసిన పూడిక ఎవరికిని కనబడదు. కావుననే దానికి దాత దొరకుట లేదు. ఈ మాట కఠినముగా నున్నచో నా వయస్సును చూచి సహింపుడు.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున కంటకశోధనాధికరణములో అగ్ని, జలము, వ్యాధి, దుర్భిక్షము మొదలుగా ఎనిమిది మహాభయములను చెప్పినాడు. జలభయమును గూర్చి చెప్పినది వినుడు. నదీతీర గ్రామములవారు వానకాలమున వరద వచ్చు గట్టును విడిచి ఎత్తున నివసింపవలెను. కర్రలు, వెదుళ్ళు, పడవలు సిద్ధముగా ఉంచుకొనవలెను. కొట్టుకొనిపోవువానిని సొరకాయ బుర్రలతో, తోలుతిత్తులతో, తెప్పలతో, త్రాళ్ళతో దాటింపవలెను. సాయమునకు పోనివానికి పండ్రెండు పణములు జరిమానా. తెప్ప లేనివానికి మాత్రము మినహాయింపు. రక్షించుట పుణ్యమని ఆయన అనలేదు. రక్షింపకుండుటను నేరముగా వ్రాసినాడు. మన వసతిగృహమున ఒక గదిలో త్రాళ్ళు, టార్పాలిన్లు, టార్చిలైట్లు, గాలి నింపిన లారీ ట్యూబులు నాలుగు ఉంచుటకు ఎంత అగును? ఒక సాయంకాలపు పుష్పాలంకరణ ఖర్చు.

భక్తులు నన్ను తరచుగా అడుగు కొన్ని సందేహములకు సమాధానము చెప్పి ముగించెదను. మురుగునీరు వచ్చిన ఇంట ఎన్ని దినములకు దీపము పెట్టవచ్చునని పలువురు అడిగినారు. భూశుద్ధి ఐదు విధములని మనువు చెప్పినాడు. ఊడ్చుట, అలుకుట, నీరు చల్లుట, పైపొర గీకివేయుట, ఆవులను నిలుపుట. ఇందులో మంత్రము కంటె ముందు చీపురు ఉన్నది. గచ్చు కడిగి, ఆరనిచ్చి, ఆ దినమే దీపము పెట్టవచ్చును. స్తోమత గలవారు తరువాత పుణ్యాహవాచనము చేయించుకొందురు గాక. ఇత్తడి, రాగి పాత్రలకు పులుపు, బూడిద, నీరు చాలునని అదే స్మృతి. పటములు తడిసి పాడైనచో రోడ్డుమీద, చెట్టు మొదట వదలవద్దు. దేవాలయ కార్యాలయమున అప్పగింపుడు. నానిన బియ్యము, పప్పు ప్రసాదమునకే కాదు, పశువులకును పనికిరావు.

ఆటో సంగతి కొందరు మండపము వెలుపల అడిగినారు కనుక చెప్పుచున్నాను. ఇంజను విప్పి బాగుచేయుటకు మూడు వారములు పట్టినది. ప్రభుత్వము ఇంటికి పదివేల చొప్పున ఇచ్చిన సొమ్ము దానికే పోయినది. అద్దె బకాయి మాట మా యింట మరల ఎవరును ఎత్తలేదు. వారు ఇప్పటికిని పైభాగముననే యున్నారు. పెద్దపిల్ల నా వద్ద శబ్దమంజరి చదువుచున్నది. రామశబ్దము వచ్చినది.

పుస్తకములలో తడిసినవి అరువది వరకు. తడిసిన గ్రంథమును ఎండలో పెట్టినచో అట్టలు వంకరపోవును, పుటలు అంటుకొనును. నీడలో, గాలి ఆడుచోట, పది పుటలకొక పాతపత్రిక కాగితము పెట్టి, అది తడిసినప్పుడెల్ల మార్చుచు ఆరబెట్టవలెను. తాళపత్రములైనచో ఒక్కొక్క ఆకును విడదీసి, మెత్తని గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరిన తరువాత నిమ్మగడ్డి నూనె పలుచగా రాసి, ఎఱ్ఱని వస్త్రమున చుట్టి ఉంచవలెను. మన దేశమున వ్రాయసకాండ్రు తమ ప్రతుల చివర పుస్తకము చేతనే ఒక ప్రార్థన చేయించెడివారు. నూనెనుండి కాపాడుము, నీటినుండి కాపాడుము, వదులు కట్టునుండి కాపాడుము అని దాని భావము. మీ ఇండ్లలో అటకల మీద తాతల నాటి తాళపత్రములు, చేతివ్రాత ప్రతులు నీరు తగిలి, బూజు పట్టి యున్నచో పనికిరావని పారవేయవద్దు. లిపి తెలియకపోయినను పరవాలేదు. ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి పదకొండువరకు నేను ఈ మండపముననే ఉందును. గుడ్డలో చుట్టి తీసికొని రండు. ప్లాస్టిక్ సంచిలో మాత్రము తేవద్దు.